పగడాల ఇంట్లో కడలిపువ్వు

అనగా అనగా, సముద్రం వాకిలి దాకా వచ్చి పలకరించి పోయే ఒక రేవుపట్నం. ఆ పట్నంలో గవరయ్యశెట్టి అనే రత్నాల వర్తకుడు ఉండేవాడు. కెంపును కంటితో, ముత్యాన్ని పంటితో పరీక్షించి మంచిచెడ్డలు చెప్పగల నేర్పరి. అతని భార్య పేరిందేవి. ఆమె పుట్టిల్లు నడిసంద్రంలో ఒక దీవి.

ఆ దీవిలో ఒక ఆచారం ఉంది. ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు ఒడిబియ్యంతో పాటు, బతికున్న పగడపు కొమ్మను ఉప్పునీటి కుండలో పెట్టి తల్లి కూతురి చేతికిస్తుంది. పేరిందేవి ఆ కొమ్మను పెద్ద గాజుతొట్టిలో పెట్టి, రోజూ కొత్త సముద్రపు నీరు పోయించి, కంటికి రెప్పలా పెంచింది. కొమ్మ పొద అయింది. దాని నుంచి తుంచి నాటిన ముక్కలు రెండు పిల్లపొదలయ్యాయి. ఆమెకు బిడ్డలు లేరు. ఏమి ముచ్చటైనా ఆ పొదలతోనే చెప్పుకునేది.

ఒక వేసవిలో దీవి నుంచి కబురొచ్చింది, తల్లికి జబ్బుగా ఉందని. పేరిందేవి పడవెక్కుతూ భర్తతో అంది: "ఏమండీ, ఆ పొదలు మా అమ్మ చేతివి. నేను వచ్చేదాకా నీళ్లు మార్పించండి చాలు. ఇంకేమీ చేయకండి."

ఆ చివరి మాట శెట్టి చెవికెక్కలేదు. భార్య తిరిగొచ్చేసరికి తొట్టిని ఇంకా అందంగా చేసి మురిపించాలనుకున్నాడు. ప్రేమకు కుదురు తక్కువ మరి. వలవాళ్ల దగ్గరికి వెళ్లి సముద్రపు రాళ్లను అంటిపెట్టుకుని ఉండే ఒక కడలిపువ్వును తెచ్చాడు. గులాబీరంగు రేకులు, నీటిలో మెల్లగా ఊగుతున్నాయి. శెట్టికి అనుమానమే రాలేదు. పగడం నవరత్నాలలో ఒకటి, అంటే రాయి. ఇదేమో పువ్వు. రాతిదేవుడి దగ్గర రోజూ పూలు పెడుతూనే ఉన్నాం, ఏ దేవుడికి ఏం చెడింది? అలా అనుకుని పువ్వును పొదల పక్కన దించాడు.

కొన్నాళ్లకు ఒక పిల్లపొద పాలిపోయి తెల్లబడింది. తొట్టిలో ఒక ముసలి ఎండ్రకాయ ఉండేది. అది రాతిచాటు నుంచి పైకి వచ్చింది.

"శెట్టిగారూ, ఆ పువ్వు నడిచి వెళ్లి పొదను తాకింది. దాని రేకుల్లో విషం ఉంది. దాన్ని వేరే తొట్టిలో పెట్టండి."

శెట్టి నవ్వాడు. పువ్వు నడవడమేమిటి, నీ డెక్కలతో నువ్వే గిల్లి ఉంటావు అన్నాడు. ఎండ్రకాయను పట్టి సముద్రంలో పారేయించాడు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అని ఊరికే అన్నారా?

తర్వాత రెండో పిల్లపొద తెల్లబడింది. ఈసారి నింద వేయడానికి ఎండ్రకాయ లేదు. శెట్టికి అప్పుడు పువ్వు మీద అనుమానం వచ్చింది. పువ్వును కదిలించడానికి మాత్రం మనసొప్పలేదు. తన ఎంపిక తప్పని ఒప్పుకోవాలి కదా. చుట్టూ గులకరాళ్లు పేర్చి దడి కట్టి, తలుపు వేసుకుని వెళ్లిపోయాడు.

మూడోసారి వచ్చి చూసేసరికి పువ్వు దడి దాటి తల్లిపొద మీద కూర్చుని ఉంది. దాని కింద పగడం సున్నంలా తెల్లబడుతోంది.

"పువ్వులా ఉన్నావే, ఇలా చేశావేమిటమ్మా?" అన్నాడు.

"నేను పువ్వునని మీతో అన్నానా? ఆ పేరు మీరు పెట్టుకున్నది" అంది కడలిపువ్వు. "నేనొక ప్రాణిని. వెలుతురున్న చోటికి నడుస్తాను, తగిలినదాన్ని కుడతాను. అవీ రాళ్లు కావు, ప్రాణులే. పాపం, వాటికి కాళ్లు లేవు."

శెట్టి ఇక ఆలోచించలేదు. తొట్టిలో చేయి పెట్టి పువ్వును పట్టి లాగాడు. లాగేకొద్దీ అది ఇంకా గట్టిగా కరుచుకుంది. చివరికి చిరిగిపోయింది. దాని విషం నీళ్లలో కలిసింది. కొత్త నీళ్లు తెచ్చి పోసేలోపే తొట్టి కుళ్లువాసన కొట్టింది. పువ్వు చచ్చింది, తల్లిపొదలో మిగిలిన ఎరుపూ పోయింది.

పేరిందేవి తిరిగొచ్చింది. నుదుట బొట్టు ఉంది గాని ముఖంలో కళ లేదు. తల్లి పోయింది. పేరిందేవి చేతిలో సంచీ అయినా దించకుండా తిన్నగా తొట్టి దగ్గరికి వెళ్లింది. శెట్టి ఏదీ దాచకుండా జరిగిందంతా చెప్పాడు. దీవికి పడవ పంపి ఎన్ని కొమ్మలైనా తెప్పిస్తానన్నాడు.

"అక్కడ ఏముందని తెప్పిస్తారు?" అంది పేరిందేవి. "ఈ వేసవికి సముద్రం కాగిపోయింది. ఆ వేడికి దీవి చుట్టూ పగడమన్నది మిగల్లేదు. అమ్మ పోతూపోతూ, నీ దగ్గరున్న కొమ్మలోంచి ఒక ముక్క తెచ్చి మన నీళ్లలో నాటమ్మా అని చేయి పట్టుకుని అడిగింది. ఎండలు తగ్గాక తెస్తానని మాటిచ్చి వచ్చాను."

ఆమె ఏడవలేదు. కొంగు నడుముకు దోపుకుని, తొట్టిలోని నీళ్లు చెంబుతో తోడి పెరట్లో పోయసాగింది. శెట్టి సాయం చేయబోతే వద్దని తల ఊపింది.

పేరు చూసి పొత్తు కలిపినవాడు, గుణం తెలిసేనాటికి ఇద్దరినీ పోగొట్టుకుంటాడు.