జంబయ్య ఒప్పుకున్న దుంగ

పులివాగు పొంగిందంటే ఇవతలి ఒడ్డు మునిగిపోతుంది. అందుకని ఏటా తొలకరికి వాగు మీద ఒక దుంగ వేసుకుని అడవి అంతా అవతలి మెరకకు దాటిపోతుంది. దుంగ గట్టిదా కాదా అని చూసి ఒప్పుకునే పని అడవికి పెద్దగా ఉన్నవాడిది. దుంగ ఇచ్చినవాడు అందరికంటే ముందు తనే దాటి చూపించాలి. ఆ తర్వాతే వాడికి పీతల విందు. అది అక్కడి ఆచారం.

ఈసారి పెద్దగా ఉన్నది నక్క జంబయ్య. మాటలతో కోటలు కట్టే రకం.

ఆ రోజు వాగు హోరుమంటోంది! ఒడ్డంతా గోల, తోపులాట! జింక చుక్కమ్మ ఇద్దరు పిల్లల్నీ పొట్ట కిందకు లాక్కుని నిలబడింది. నీళ్ళు అప్పుడే దాని గిట్టలు తడుపుతున్నాయి.

"దాటండర్రా! ఏనుగెక్కినా కదలదు, నేనే చూశా!" అని అరిచాడు జంబయ్య.

వడ్రంగి పిట్ట పోలయ్య దుంగ మీద వాలి టకటకమని కొట్టాడు. "పెద్దయ్యా, లోపల డొల్లగా మోగుతోందే!"

"పెద్దని నేనా, నువ్వా? ఎగురవతలికి!"

"ఇంతకీ దుంగ ఎవరిచ్చారన్నా?" అంది చుక్కమ్మ.

"పొరుగడవి ముంగిసలే. పనుండి రాలేదు. ఆ విందు పీతలు నాకిచ్చెయ్యండి, నేనే అందజేస్తా."

చుక్కమ్మకు ఒళ్ళు మండింది. పైకి మాత్రం నెమ్మదిగా అంది. "వచ్చి దాటనివాడికి విందేమిటి? పీతల్ని వాగులోకి వదిలెయ్యండర్రా."

పొదలోంచి ఒక నక్క చెంగున దూకింది. "ఆగండాగండి! దుంగ నాది! కావాలంటే మా బావనడగండి!"

అందరూ జంబయ్య వైపు తిరిగారు. వాడు బావమరిది గుటకయ్యను కొరికేసేలా చూశాడు.

"చుట్టాల సరుకు ముట్టనని పెద్దరికం తీసుకున్న రోజు ఒట్టేశావే!" అంది చుక్కమ్మ. "సరేలే. గుటకయ్యా, దుంగ నీదైతే ముందు నువ్వు దాటు."

గుటకయ్య తోక ముడిచాడు. "బావా, లోపలంతా చెదేనని నీకు చెప్పానుగా! నేనెట్టా దాటేది?"

ఒడ్డు ఒక్కసారిగా భగ్గుమంది. "నా పిల్లల్ని దీని మీదనా ఎక్కించబోయావు?" చుక్కమ్మ జంబయ్యకు ఎదురొచ్చింది. "నువ్వు చూసిన దుంగేగా, నువ్వే నడువు!"

కొమ్ములు విసురుతూ దున్నలు వెనక నుంచి తరుముకొచ్చాయి. జంబయ్య నాలుగడుగులు వేశాడో లేదో, ఫెళ్ళుమంది దుంగ! వాగులో మునిగీ తేలీ, చివరికి ఒక వేరు పట్టుకుని ఒడ్డెక్కాడు. ఈలోగా దున్నలు మద్దిదుంగ ఒకటి దొర్లించుకొచ్చి వేశాయి. పోలయ్య ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కొట్టి చూసి, గట్టిదేనన్నాడు. దున్నలు ముందు దాటాయి, వాటి వెనకే చుక్కమ్మ పిల్లలు గంతులేస్తూ దాటారు. చుక్కమ్మకు ప్రాణం లేచొచ్చింది.

అందరూ దాటాక, తడిసి వణుకుతున్న జంబయ్య మాత్రం ఇవతలే మిగిలాడు. "నన్నూ రానిస్తారా?" అన్నాడు, తల ఎత్తకుండా. పెద్దా అని పిలిచేవాళ్ళు ఇక ఎవరూ లేరు.

"భయం లేదు, రా అన్నా," అంది చుక్కమ్మ. "ఈ దుంగ నీ చుట్టాలది కాదులే."

నీతి: పదిమంది కోసం సరుకు చూసేవాడికి, ఆ సరుకు ఇచ్చే ఇంట్లో వాటా ఉండకూడదు.