దానయ్య రాయి

గెడ్డమొగ పాలెంలో గనగళ్ల కొర్లయ్య గురువుగారిని ఎవరేమడిగినా వెంటనే జవాబు దొరికేది కాదు. అడిగినవాడి చేతిలో వల కొస ఒకటి పెట్టి, "కాస్త పట్టుకో" అనేవారు. వాడు పట్టుకుని కూర్చునేవాడు, ఆయన చిరుగులు కుట్టుకుంటూ పోయేవారు. సగంమంది ఆ పనిలో పడి, అడగవచ్చిన సంగతే మరిచి ఇంటికి వెళ్లిపోయేవాళ్లు. యాభై ఏళ్లు సముద్రం మీద బతికి, మోకాళ్లు మొరాయించాక ఒడ్డెక్కిన మనిషి ఆయన. కాషాయం కట్టలేదు, ఆశ్రమం పెట్టలేదు. శనివారం సాయంత్రాలు వలల పాకలో కూర్చుని తత్వాలు పాడేవారు. వినడానికి వచ్చినవాళ్లే శిష్యులు.

ఆ శిష్యుల్లో సూరాడ ఎల్లాజీకి నలభై దాటాయి. పదిహేనేళ్లుగా ఏటా ఆగస్టులో రైలెక్కి గుజరాత్ తీరంలో వెరావల్ వెళ్లి, అక్కడి మరబోట్ల మీద ఎనిమిది నెలలు పనిచేసి వచ్చేవాడు. ఈసారి మళ్లీ రైలెక్కకూడదని వాడి మనసు. ఇక్కడే ఉండి గాలం వేసుకుని బతకాలంటే చేపలుండే చోటు ఒకటి కచ్చితంగా తెలియాలి. అటువంటి చోటు వాడి తండ్రి దానయ్యకు ఉండేది. సముద్రం అడుగున ఎక్కడో ఒక రాతిగుట్ట. పాలెమంతా దాన్ని దానయ్య రాయి అనేది. అది ఎక్కడుందో మాత్రం దానయ్యకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయన పోయి మూడేళ్లయింది.

ఇక్కడ దానయ్య తెప్ప నడిపిన రోజుల పద్ధతి కొంచెం చెప్పుకోవాలి. అప్పటికి ఇప్పటి ఫైబరు పడవలు లేవు. దుంగలు తాళ్లతో కట్టిన తెప్పలు, వేటనుంచి రాగానే తాళ్లు విప్పి దుంగలు ఎండబెట్టుకునేవారు. ఆ తడికొయ్య వాసన, దాని మీద ఎండిన ఉప్పు పొర, కొబ్బరిపీచు తాడు అరచేతిలో గీసే గీత ఎరిగినవాళ్లు ఇప్పుడు పాలెంలో వేళ్ల మీద లెక్కకు వస్తారు. రాయికి గుర్తులన్నీ ఒడ్డునే ఉండేవి. ఫలానా కొండా ఫలానా చెట్టూ ఒక వరసకు రావాలి, వేరే వైపున ఇంకో రెండు గుర్తులు ఇంకో వరసకు రావాలి. ఆ రెండు వరసలూ కలిసే చోట కింద రాయి. తెప్ప వెనక కూర్చుని నడిపే పెద్దవాడే ఒడ్డు కేసి తిరిగి ఆ గుర్తులు చూసేవాడు. ముందు కూర్చుని తెడ్డు వేసే కుర్రవాడు కడుపుకొడుకే అయినా వెనక్కి తిరగకూడదు. తండ్రి వేట మానేసే రోజు వస్తే, ఆ రోజు కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని గుర్తులు నోటితో అప్పగించేవాడు. గుర్తులు చెప్పడమంటే సముద్రానికి దండం పెట్టి దిగిపోవడమే. అందుకని పన్నెండేళ్లు తండ్రి తెప్పమీద తిరిగినా ఎల్లాజీకి ఆ రాయి మీద పడే ఎండ తెలుసు, నీటి రంగు తెలుసు, చోటు తెలియదు.

మూసేసిన బీచి విహారాల కంపెనీ ఒకటి సామాను అమ్మేస్తుంటే వాడు ఇద్దరు కూర్చునే ప్లాస్టిక్ కయాక్ పడవ కొన్నాడు. పచ్చగా, సన్నగా, రెండు కొసలా లేచి ఉండేది. పాలెం ఆడవాళ్లు దానికి అరటిదొప్ప అని పేరు పెట్టారు. దొప్పలో దీపం పెట్టి వదలడం మరిచిపోయాడని వాడి భార్య బంగారమ్మ బావి దగ్గర అందరికీ వినబడేలా అంది. వాడు పట్టించుకోలేదు. వెరావల్లో బోటు డ్రైవరు గదిలో చూసిన యంత్రం, నీటి లోతునూ అడుగునూ చేపల గుంపునూ బొమ్మగా చూపించేది, చిన్నది ఒకటి విశాఖపట్నం నుంచి తెచ్చాడు. అరచేతి మందాన తెర, దానికొక తీగ, తీగ చివర సబ్బుబిళ్ల అంత నల్లటి ముక్క. ఆ ముక్కను కయాక్ లోపలే అడుగుకి అంటించేయమని, కన్నం పొడవక్కర్లేదని కొట్టువాడు చెప్పాడు.

శనివారం మధ్యాహ్నం పాక ముందు ఇసకలో వాడు ఆ పనిలో ఉండగా గురువుగారు చేరబడి చూస్తున్నారు. వాడు తెర నిలబెట్టాడు, తీగ తాడుతో కట్టాడు, బ్యాటరీని నీళ్లు తగలని డబ్బాలో పెట్టాడు. నల్లముక్క దగ్గరికొచ్చేసరికి ఆగి ఆలోచించాడు. అలల మీద పడవ ఎగిరి పడుతుంది, అడుగున ఇసక తగులుతుంది, ఖరీదైన వస్తువు. ఈనాటి తెప్పల కడుపునిండా థర్మాకోలే. ఈ తీరంలో దేన్ని కాపాడాలన్నా ఎవరి చెయ్యైనా ముందు దానికోసమే పోతుంది. రెండు వేళ్ల మందం ముక్క కోసి, అడుగుకి అంటించి, దాని మీద నల్లముక్కను పసిబిడ్డను పడుకోబెట్టినట్టు అమర్చి జిగురు రాశాడు. ఆ పని చేస్తూనే, తలెత్తకుండా, మూడేళ్లుగా కడుపులో ఉన్నది అడిగాడు.

"గురువుగారూ, మా అయ్య నాకు సెప్పకుండా ఎందుకు పోయాడు? నామీద నమ్మకం లేకనా?"

గురువుగారు వల కొస అందించలేదు. పడవ కేసి చూసి, అందులో తనకు చోటుందా అని అడిగారు. పదకొండేళ్లుగా అలను పాదాలకు తగలనివ్వని మనిషి అలా అడిగేసరికి ఎల్లాజీ జిగురు చేత్తోనే ముందు సీటు మీది ఇసక దులిపాడు.

మర్నాడు గాలి లేని ఉదయం. గురువుగారు కయాక్‌తో వచ్చిన రెండు రెక్కల తెడ్డును నమ్మక, చూరులోంచి తన పాత కొయ్యతెడ్డు తీయించి ఒళ్లో పెట్టుకున్నారు. ముందు సీటులో ఆయన, వెనక ఎల్లాజీ. అలలు దాటాక ఆయన చెయ్యి నీళ్లలో ముంచి, ముఖం తుడుచుకుని, ఎవరెవరు ఎక్కడ వల వేసేవాళ్లో పేరుపేరునా చెప్పుకుంటూ వచ్చారు. ఆ పేర్లలో బతికున్నవాడు ఒక్కడూ లేడు. అయినా ఆయన గొంతులో దిగులు లేదు, పెళ్లిలో చుట్టాలను పలకరిస్తున్నట్టుంది.

దానయ్య తెప్ప ఎక్కువగా కనిపించే దిక్కుకి వెళ్లాక ఎల్లాజీ యంత్రం పెట్టాడు. తెర వెలిగింది. అడుగు లేదు, లోతు లేదు, అడ్డదిడ్డంగా గీతలు. వాడు అటు నడిపాడు, ఇటు నడిపాడు. బ్యాటరీ విప్పి తగిలించాడు, తెరను అరచేత్తో చరిచాడు. చివరికి కొట్టువాణ్ని, వాడి వంశాన్ని తిట్టడం మొదలుపెట్టాడు. గురువుగారు అంతా విని, అది ఎలా చూస్తుందని అడిగారు. అది చూడదనీ, వింటుందనీ, కిందికొక శబ్దం పంపి అడుగుకి తగిలి తిరిగొచ్చినదాన్ని పట్టుకుంటుందనీ ఎల్లాజీ చిరాకుగా చెప్పాడు.

ఆయన తన తెడ్డు రెక్కను నీటిలోకి దించి, పిడిని వెనక్కి వాలించి, చెవి పెట్టమన్నారు. ఎల్లాజీ వంగి చెవి ఆనించాడు. మొదట ఏమీ లేదు. తరవాత ఎక్కడో అడుగునుంచి, మూకుడులో మినుములు వేగుతున్నట్టు, సన్నటి చిటపట. రాళ్ల సందుల్లో ఉండే రొయ్యల చప్పుడది. యంత్రాలు లేని రోజుల్లో ముసలివాళ్లు అది వినే రాయి దగ్గర పడిందని పోల్చుకునేవారు. ఎల్లాజీ ముఖం వెలిగింది. అంతలో గురువుగారు తలగుడ్డ విప్పి, నాలుగు మడతలు పెట్టి, వాడి చెవికీ తెడ్డుకీ మధ్య దూర్చారు.

"ఇప్పుడో?"

"ఏటీ ఇనపడదు. గుడ్డెందుకు పెట్టేరు?"

"గట్టికొయ్య కదరా. చెవి ఒరుసుకుంటాదని."

ఎల్లాజీ గుడ్డ కేసి చూశాడు. తరవాత, నల్లముక్క ఉన్న చోట పడవ మీది మూత కేసి చూశాడు. మూత తీసి, భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టి, జిగురు పెళ్లగించి థర్మాకోల్ ముక్కను బయటికి లాగాడు. దోసెడు ఉప్పునీళ్లు అడుగున పోసి, నల్లముక్కను ఆ నీళ్లలో అడుగుకి ఆనించి బొటనవేలితో అదిమి పట్టుకున్నాడు. గాలి నిండిన ఆ మెత్తటి ముక్కలోంచి శబ్దం ఎందుకు పోలేదో భౌతికశాస్త్రం చదివినవాళ్లు ఒక్క వాక్యంలో చెప్తారు. వాడికి ఆ వాక్యం అక్కర్లేకపోయింది. తెర మీద పదిహేడు బారల లోతున చదునైన గీత ఒకటి నిలిచింది. గురువుగారు మెల్లగా తెడ్డు వేశారు. గీత సాగి సాగి, ఉన్నట్టుండి గూనివాడి వీపులా పైకి లేచింది. దాని చుట్టూ చుక్కలు.

ఇదేనా అని ఎల్లాజీ అడిగాడు. ఒకరి రాయి ఇంకొకరికి తెలియదని, తనకూ తెలియదని ఆయన అన్నారు. వాడు చెయ్యి లోపలే ఉంచి, మెడ తిప్పి ఒడ్డు కేసి చూశాడు. జన్మలో మొదటిసారి ఆ చోటునుంచి అటు చూడటం. ఒకప్పటి సరుగుడు తోటలు లేవు, తాటిచెట్లు లేవు. పెద్దకొండ మాత్రం అలాగే ఉంది. దాని మెడ సరిగ్గా కింద, కప్పు ఎగిరిపోయిన పాత ఉప్పుకొటారు గిడ్డంగి తెల్లటి గోడ. ఎడమ పక్కన గెడ్డ సముద్రంలో కలిసే మొగ, దాని రెండు ఒడ్లూ దాదాపు ఒక వరసకు వచ్చి, సగం మూసిన కన్నులా, కనపడీ కనపడకుండా.

వాడి పెదవులు కదిలాయి. ఒక ఏడు వెరావల్ రైలుకి బయల్దేరుతున్న రోజు, సంచి భుజాన వేసుకుంటుంటే, అయ్య అరుగు మీదనుంచి "కొండ మెడ కిందకి ఉప్పుకొటారు తెచ్చుకో" అని ఏదో అనబోయాడు. ప్రయాణం పూట అవేం మాటలు అయ్యా, నువ్వు ఇంకా పదేళ్లు వేటాడతావు అని తాను నవ్వి నోరు మూయించాడు. మరుసటేడు మళ్లీ రైలు రోజే అయ్య, "మొగ మూసుకుపోతున్నప్పుడు" అన్నాడు. అప్పుడూ అంతే, తాను కళ్లనీళ్లు రాకుండా చూసుకుంటూ, వచ్చాక మాట్లాడుకుందామన్నాడు. వచ్చేసరికి పక్షవాతం అయ్య నోటిని పట్టేసింది.

"సెప్పాడు గురువుగారూ," అన్నాడు ఎల్లాజీ. "రెండుసార్లు సెప్పాడు. సెప్తే ఎల్లిపోతాడని బెంగెట్టుకుని, నానే ఇననేదు."

కొర్లయ్య గురువుగారు వెనక్కి తిరగలేదు. తెడ్డు నీళ్లలో ఆనించి, పడవను ఆ చోటినుంచి జరగనీయకుండా పట్టుకున్నారు. తరవాత అన్నారు:

"ఆ ముక్కలాగే, ప్రేమకొద్దీ అడ్డం పెట్టిందే కదరా అదీని. నీరు మళ్లుతోంది, గాలం నీట్లోకి ఒగ్గు."