బోల్టులు బిగించిన చేతులు

సన్యాసమ్మకు నలభై ఆరేళ్లు, రోజూ నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాలుస్తుంది. మొగుడు తాగి పడుకున్న రోజుల్లో అతని మోటారు షెడ్డు నడిపింది ఆమే.

ఆమె గుడిసె కొండమలుపులో ఉంది. జమీందారు మొదటి భార్య లోయలో పడి చచ్చిపోయింది అక్కడే. ఈమధ్య ఆయన పాత కారు రోజూ పొగమంచులో సరిగ్గా అక్కడే ఆగిపోతోంది. ఆగే ముందు ఇంజనులోంచి, ఆడమనిషి నీళ్లు మింగుతూ ఏడ్చినట్టు చప్పుడు వస్తోంది.

ఒక పొద్దున్న కారు మళ్లీ అక్కడే ఆగేసరికి జమీందారు కిరసనాయిలు డబ్బాలతో నౌకర్లను వెంటబెట్టుకొచ్చాడు. ఊరూ వెనకే వచ్చింది.

"చచ్చినదాన్ని పిలుస్తున్నది నువ్వేనే. నీ గుడిసె తగలబెడతాను."

"కారుకు కొత్త పెట్రోలు పంపు వేయించారు కదా బాబూ. అది ఇంజనులోకి మరీ ఒత్తిడిగా తోస్తోంది. మలుపులో నెమ్మదించగానే కార్బురేటరులో పెట్రోలు పొంగి, ఇంజను గుటకలేసి ఆగిపోతోంది. ఆ ఏడుపు అదే. పంపు కింద రెండు అట్టముక్కలు వేస్తే ఒత్తిడి తగ్గుతుంది."

"నువ్వు ముట్టుకున్నాక కారు కదిలితే, దెయ్యం నీ మాట విన్నట్టేగా?"

సన్యాసమ్మ చేతులు వెనక్కి కట్టుకుంది. "అయితే మీరే వేయండి."

ఊరంతా చూస్తుంటే జమీందారే అట్టలు పెట్టి బోల్టులు బిగించాడు. ఏడుపు ఆగిపోయింది. కారు మూడుసార్లు మలుపు దాటింది.

"దెయ్యం మీ మాట వింది బాబూ. ఇప్పుడు ఎవరి ఇల్లు తగలబెట్టమంటారు?"

నౌకర్లు డబ్బాలు కింద పెట్టారు.

తర్వాత సన్యాసమ్మ అక్కడే షెడ్డు వేసి, మంత్రగత్తెలని ఊళ్లు తరిమేసిన ఇద్దరాడవాళ్లకు ఇంజను పని నేర్పింది.