దొరలమిట్ట పొగగూటి చెంగమ్మ చరిత్ర

సర్వధారి నామ సంవత్సరం, అంటే 1948, కార్తీక బహుళంలో ఐదు రోజులు విడవకుండా ముసురు పట్టినప్పుడు, ఈ స్థలానికి అమ్మ పేరు రావడానికి కారణమైన సంగతి జరిగింది. ఆ సంగతి కళ్ళారా చూసినవాళ్ళలో ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను. అందుకని ఈ పుస్తకం రాయమని ఆలయ కమిటీ వారు నన్ను అడిగారు. చూసింది చూసినట్టే రాస్తానని, మధ్యలో ఎవరూ వేలు పెట్టకూడదని చెప్పి ఒప్పుకున్నాను.

భక్తులు కొండ మలుపు దగ్గర బస్సు దిగి అర మైలు ఎక్కితే దొరలమిట్ట వస్తుంది. గుడి కోసం వెతికితే కనిపించదు. గోడలు లేవు, కప్పు లేదు, ధ్వజస్తంభం లేదు. ముళ్ళకంప మొలిచిన పునాదుల మధ్య ఇరవై అడుగుల ఇటుకల పొగగొట్టం ఒకటి నిలబడి ఉంటుంది. దాని అడుగున, వంగితే తప్ప తల పట్టని గూడు ఉంది. అదే గర్భాలయం. అందులోని నల్లటి చదరపు బండే అమ్మవారు. వానా ఎండా పైనుంచి నేరుగా ఆమె మీదే పడతాయి.

పూర్వం ఇక్కడ ఇంగ్లీషువాళ్ళ పల్లె ఉండేది. దిగువ ఎండలకు తాళలేని తొమ్మిది కుటుంబాలు ఈ మిట్ట మీద తమ దేశపు ఊరినే కట్టుకున్నాయి. ఎర్ర పెంకుల ఇళ్ళు, తెల్ల రంగు వేసిన కట్టె గేట్లు, చిన్న చర్చి, పిల్లలకు ఉయ్యాల. ఓడలో తెచ్చి నాటిన ఆపిల్ చెట్లు ఏటా పూసేవి, ఒక్క పిందె కూడా నిలిచేది కాదు. మేము కింద బోదగడ్డి కప్పిన కొట్టాల్లో ఉండేవాళ్ళం. మా నాయన మునెప్ప ఆ ఊరి తోటమాలి. ఆదివారం గంట కొడితే పిల్లలమంతా గేటు బయట నిలబడి వాళ్ళ పాటలు వినేవాళ్ళం. రొట్టె కాలే వాసన వచ్చేది. ఆ రొట్టె నేనెన్నడూ తినలేదు. వాసన మాత్రం ఇప్పుడు వచ్చినా గుర్తుపడతాను.

గేటు దాటి లోపలికి వెళ్ళేది మా అక్క చెంగమ్మ ఒక్కతే. పెద్ద బంగళాలో గోడకు కట్టిన నిప్పుగూటిని రాజేసే పని ఆమెది. నిప్పు పెట్టే ముందు తల లోపల పెట్టి పైకి చూడమనీ, ఆకాశం కనిపిస్తేనే పెట్టమనీ దొరసాని ఆమెకు నేర్పింది. మా అక్క ఒక్కరోజు కూడా ఆ పని మరవలేదు.

స్వరాజ్యం వచ్చిన ఏడు దొరలు వెళ్ళిపోయారు. మళ్ళీ వస్తామని, అందాకా గబ్బిలాలు, వాన చొరబడకుండా మూసిపెట్టమని చెప్పి పెద్ద బంగళా తాళం మా నాయన చేతిలో పెట్టారు. మా నాయన కిటికీలకు పలకలు కొట్టాడు. పైకెక్కి పొగగొట్టం నోట్లో గడ్డి గోతాలు కుక్కి, మీద ఒక నల్లబండ పెట్టి సున్నంతో మెత్తాడు. తక్కిన ఇళ్ళ పెంకులు ఎవరికి దొరికినవి వాళ్ళు మోసుకుపోయారు. ఆ ఒక్క ఇంటి మీద మాత్రం ఎవరి చెయ్యీ పడనివ్వలేదు.

మరుసటి ఏడు ముసురుకు మా కొట్టాలన్నీ నేలకు దిగాయి. ఐదోనాటి ఉదయం అందరం బంగళా మెట్ల మీదికి చేరాం. ఓబులమ్మ ఒడిలో తొమ్మిది రోజుల బిడ్డ. మా నాయన తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. అందరికంటే పెద్దదైన కదిరమ్మవ్వ నోరు ఊరుకోలేదు.

"దొర ఓడెక్కి పోయి ఏడాదాయ. ఇంకా ఎవురికి కాపలా రా మునెప్పా, గబ్బిలాలకా?"

"మాటిచ్చినాను అవ్వా."

"మాట కప్పుకుంటే సలి పోతాదా? తియ్యరా తలుపు!"

తీశాడు. లోపలికి పోయాక ఓబులమ్మ తమ్ముడు విరిగిన కుర్చీని నిప్పుగూట్లో పెట్టబోతే మా నాయన పట్టుకున్నాడు. కట్టెలు మండిస్తే దొర గోడలు మసిబారతాయని ఆయన బాధ. వంటగదిలో రెండు బస్తాల బొగ్గులున్నాయి, వాటికి పొగ రాదు, అవే పెట్టమన్నాడు. చెంగమ్మ గూట్లో తల పెట్టి చూసింది.

"నాయనా, ఆకాశం కనపల్లేదు. నిప్పు పెట్టగూడదు."

"పొగే లేకుంటే ఆకాశమెందుకే? దొరసాని సదువులు నాకు సెప్పాకు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పొగ కంటికి కనిపిస్తేనే ప్రమాదమని మేమంతా అనుకున్నాం. మా కొట్టాల్లో ఎన్నడూ బొగ్గులు కాల్చి ఎరగం, తలుపులు బిగించీ ఎరగం.

చెంగమ్మ అలిగి వసారాలో మేకల దగ్గర కూర్చుంది. మధ్యాహ్నం ఆమె తలుపు తోసేసరికి మాట్లాడే మనిషి లేడు. పట్టపగలు అందరూ తూలి పడి ఉన్నారు. నాకు తల పగిలిపోతోంది, కాళ్ళు ఆడటం లేదు. ఆమె తలుపు బార్లా తెరిచింది. ఈదురుగాలి జల్లును గది నడుమ దాకా కొట్టింది. ఓబులమ్మ లేచి బిడ్డను గుండెకు అదుముకుని అరిచింది.

"మూయమే తలుపు! బిడ్డ సల్లబడతాంది!"

చెంగమ్మ బొగ్గులు ఎత్తి పారేయబోతే ఓబులమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నిప్పు తీస్తే బిడ్డ చలికి పోతుంది, తలుపు మూసి నిప్పుంచితే అందరూ పోతారు. చెంగమ్మ ఒక క్షణం ఆ బిడ్డ వైపు చూసింది. తలుపు జానెడు తెరిచి ఉంచి, మేక కట్టిన రాయిని అడ్డం పెట్టి, మా నాయన నిచ్చెన తీసుకుని బయటికి పోయింది.

పెంకులు ఆమె కాళ్ళ కింద పటపటమనడం మేము లోపలినుంచి విన్నాం. నిప్పుగూట్లోకి మసి రాలింది, కుళ్ళిన గడ్డి రాలింది. ఆ వెనకే వాన చినుకులు బొగ్గుల మీద చురుక్కుమన్నాయి. గూట్లో వెలుతురు పడింది. ఆ వెలుతురు చూసి మా నాయన తలెత్తాడు. బయట బండ పడిన చప్పుడు వినిపించింది. తర్వాత ఇంకో చప్పుడు.

ఓబులమ్మ బిడ్డ బతికాడు.

రెండేళ్ళకు గాలివానలో బంగళా కూలింది. పొగగొట్టం ఒక్కటే నిలిచింది. అప్పుడు మా నాయనకు వరసగా మూడు తెల్లవారుజాములు ఒకే కల వచ్చింది. చెంగమ్మ ఆ గూట్లో కూర్చుని, "నాయనా, ఈడ దీపం పెట్టాకండి. పైన మూయాకండి" అన్నదట. గొర్రెల కాపరికి బండ దొరికిందని, దాన్నుంచి పాలు కారాయని పాత కరపత్రంలో అచ్చువేశారు. అది అబద్ధం. పొగగొట్టాన్ని మూసిన బండనే మా నాయన నెత్తిన మోసుకొచ్చి గూట్లో దించాడు. మొదటి మొక్కు ఓబులమ్మది.

నేటికీ ఈ సన్నిధిలో దీపం, కర్పూరం, అగరువత్తి వెలిగించరు. పచ్చి బియ్యం, బెల్లమే నైవేద్యం. భక్తులు గూట్లో తల పెట్టి, ముందు పైకి చూసి, ఆకాశం కనిపించాకే చేతులు జోడిస్తారు. పురుడు దాటిన బిడ్డలను తెచ్చి ఆ వెలుతురులో ఒక నిమిషం పడుకోబెడతారు. చుట్టుపక్కల ఏడు పల్లెలవాళ్ళు కార్తీక బహుళంలో ఇంటి కప్పులోని గవాచి దులిపి, పొగ పోయే దారి చూసుకున్నాకే ఆ పూట పొయ్యి వెలిగిస్తారు. అమ్మను కొలిచిన ఇంట పసిబిడ్డకు ఊపిరి గండం ఉండదని నమ్మకం. ఒక దాత గోపురం కట్టిస్తానని మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ వద్దన్నాను. నాలుగోసారి వచ్చినా అదే జవాబు.

ఆనాడు ఆ గదిలో ఉన్న ముప్పై ఒక్కమందీ బతికారు. చెంగమ్మ చనిపోయింది. అప్పటికి ఆమె వయసు పన్నెండేళ్ళు.