పోయొస్తానన్న ముళ్ళపంది

అనగనగా నీటిచుక్క కోసం మొహం వాచిన ఒక మెట్ట అడవిలో ఒక ముళ్ళపంది ఉండేది. పేరు సుంకులమ్మ. మనసు వెన్న, వీపు మాత్రం ముళ్ళకంప. కాస్త రోషం వచ్చిందా, ముళ్ళన్నీ నిక్కబొడుచుకునేవి.

వానలు మొహం చాటేశాయి. చెలమలు ఎండిపోయాయి. సుంకులమ్మ తన పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని, కొండలు దాటి, సముద్రం పక్కనున్న మడ అడవికి వలస వచ్చింది. అక్కడ ఎటు చూసినా నీళ్ళే! పిల్లలు గంతులేశారు. సుంకులమ్మ సంబరపడిపోయి, నీటి ఒడ్డున పల్లంలో మెత్తటి మట్టి చూసి బొరియ తవ్వింది. మెట్ట అడవిలో నీళ్ళ పక్కన ఇల్లంటే మహారాజ భోగం మరి!

కొత్త చోట నలుగురితో కలవాలి కదా. మొదట నీటికుక్క పోలయ్య ఇంటికి వెళ్ళింది. ఆయన కాల్చిన తేగలు పెట్టాడు. కడుపునిండా తిని, "పోయొస్తా మామా!" అని వచ్చేసింది. తర్వాత తాబేలు నూకాలు కొబ్బరిముక్కలు పెట్టింది. "పోయొస్తా అక్కా!" అంది. ఆ తర్వాత కొంగ ధనాలు ఇంట్లో తుంగగడ్డలు తింది. "పోయొస్తా వదినా!" అంది.

అంతే. మర్నాటి నుంచి ఒక్కరూ పలకరిస్తే ఒట్టు. ఆమెను చూడగానే పోలయ్య బుడుంగున నీళ్ళలో మునిగేవాడు. నూకాలు తల డిప్పలోకి లాక్కునేది. ధనాలు మొహం తిప్పుకునేది. సుంకులమ్మకు ఏడుపొచ్చింది. వెంటనే రోషమూ వచ్చింది.

పున్నమి ముందురోజు అందరూ సామాన్లు మోసుకుంటూ మెరక మీదికి వెళ్తున్నారు.

"అమ్మా, అందరూ యాడికి పోతాండారే?" అడిగారు పిల్లలు.

"యాడికైనా పోనీ! మనల్ని పలకరించనోళ్ళ వెంట మనమెందుకు పడాల?" అంది సుంకులమ్మ. ముళ్ళన్నీ లేచి నిలబడ్డాయి.

కానీ పిల్లలు బిక్కమొహాలు వేసుకుని చూస్తున్నారు. 'ఈ రోషం నా బిడ్డలకు కూడు పెడుతుందా?' అనుకుంది. ముళ్ళు దించుకుంది. తిన్నగా పోలయ్య దగ్గరికి నడిచింది.

"మామా, నావల్ల తప్పేమన్నా జరిగిందా? ఉంటే మొహమ్మీదే చెప్పు. తెలీక చేసుంటా."

పోలయ్య మూతి ముడుచుకున్నాడు. "పోయి వస్తానన్నావు. వచ్చావేంటి? పొయ్యి ఆర్పకుండా కూర్చున్నాను. తేగలన్నీ బొగ్గయిపోయాయి!"

"నేను గుమ్మం దాకా నడిచొచ్చి చూశాను. గుమ్మం దాకా నడవడమంటే నాకు మాటలా?" అంది పక్కనే నడుస్తున్న నూకాలు.

"నేనైతే ఒంటికాలి మీద నిలబడి చూశాను!" అంది ధనాలు.

సుంకులమ్మ నోరు తెరిచింది. "అయ్యో! మా దిక్కు 'పోతా' అంటే అపశకునం మామా. అందుకే 'పోయొస్తా' అంటాం. పోతాండా అనే దానర్థం!"

"ఇదెక్కడి చోద్యం! మేం పోతే పోతామంటాం. వస్తామంటే వస్తాం. పోతా అంటే ఏమవుద్ది? పోయిన నీళ్ళు మళ్ళీ రావా?" అన్నాడు పోలయ్య. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

నవ్వుతూనే పోలయ్య గతుక్కుమన్నాడు. "ఓలమ్మో! నీ ఇల్లు పల్లంలో కదూ! రేపు పున్నమి పోటు. సముద్రం నీ వంటింట్లోకి వచ్చేస్తది!"

"నీళ్ళు మన ఇంటికే నడిచొస్తాయా?" అంది సుంకులమ్మ. బతుకంతా నీళ్ళ కోసం తనే నడిచింది పాపం.

పోలయ్య మెరక మీద బొరియ తవ్వాడు. నూకాలు పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుంది. ధనాలు ముక్కుతో గడ్డి తెచ్చి పరిచింది. మర్నాడు పోటు వచ్చింది. పాత బొరియ ఉన్నచోట నీళ్ళు తప్ప ఏమీ లేవు. సుంకులమ్మ పిల్లల్ని గట్టిగా పొదువుకుంది.

కొత్తింట్లో అందరికీ విందు పెట్టింది. తిని లేచేటప్పుడు ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, "పోయొస్తాం సుంకులమ్మా!" అన్నారు.

సుంకులమ్మ మురిసిపోయింది. మళ్ళీ పొయ్యి వెలిగించింది. తేగలు కాల్చింది. గుమ్మంలో కూర్చుంది. పొద్దు వాలింది. ఒక్కరూ రాలేదు!

ఈసారి ఒక్క ముల్లూ లేవలేదు. తెల్లారగానే వెళ్ళి అడిగేసింది. "పోయొస్తామంటిరి, రాలేదేం మామా? తేగలన్నీ బొగ్గయిపాయ!"

"అదేంటమ్మా! నువ్వు సంతోషిస్తావని మీ మాట అన్నాం!"

"నేను మీ అర్థం పట్టుకుని కూచున్నా గదా!"

పక్కనే వింటున్న ధనాలు నవ్వలేక నవ్వలేక ఒంటికాలు జారి నీళ్ళలో పడింది.

ఇప్పటికీ ఆ అడవిలో ఎవరైనా "పోయొస్తా" అంటే, "ఉత్తుత్తినే అంటున్నావా, తేగలు కాల్చమంటావా?" అని అడిగి మరీ సాగనంపుతారు.

నీతి: కొత్త చోట తెలియకపోవడం తప్పు కాదు; అడగకుండా అలిగి కూర్చోవడమే తప్పు.