ముడి విప్పించే తల్లి

హిమాలయాలలో సురౌలీ గ్రామం దాటి పైకి వెళితే, ఒక మంచువాలుకు అవతలి అంచున రాతిగోడల చిన్న గుడి కనిపిస్తుంది. పెద్ద క్షేత్రాలన్నీ చలికాలంలో తలుపులు మూసుకుంటాయి. ఈ అమ్మవారి గుడి మాత్రం మాఘమాసంలోనే తెరుస్తారు. స్థానికులు గాంఠ్‌ఖోలీ దేవి అంటారు. మన తెలుగు యాత్రికులకు ఆమె ముడి విప్పించే తల్లి. ఎక్కడైనా దంపతులు కొంగుముడితో దర్శనం చేసుకుంటారు. ఇక్కడ వాలుకు ఇవతల ఒక వితంతువు ఆ ముడి విప్పుతుంది. భర్త ముందుగా దాటుతాడు. అతను అవతలి బండ ఎక్కిన తర్వాతే భార్య మంచు మీద అడుగు పెట్టాలి. ఈ మాట వినగానే మనవాళ్ల ముఖాలు ఎలా మాడిపోతాయో, సత్రం నడుపుతున్న మేము ఏటా చూస్తున్నాము. అందుకే ఈ చిన్న పుస్తకం వేయించాము.

పూర్వం ఇక్కడ జోగదత్తు అనే పూజారి ఉండేవాడు. అతని భార్య కాన్పులో పోతే, కూతురు సరూలిని అతని చెల్లెలు పదమ పెంచింది. పదమ చిన్ననాడే భర్తను పోగొట్టుకుంది. పిల్లకు పాలు పట్టడానికీ, జడ వేయడానికీ పనికివచ్చిన ఆ చేతులు సరూలి పెళ్లి కుదరగానే అపశకునమయ్యాయి. పసుపు దంచే చోటికి కూడా ఆమెను రానివ్వలేదు.

కొత్త దంపతులు కొంగుముడితో, బంధువులంతా భుజం భుజం రాసుకుంటూ వాలు దాటి దేవి దర్శనానికి వెళ్లడం అప్పటి ఆచారం. గుంపు ఎంత దగ్గరగా నడిస్తే వంశం అంత కలిసి ఉంటుందని వారి నమ్మకం.

ఆ ఏడు మంచు తొందరగా పడింది. తర్వాత చాలాకాలం ఆకాశం తేటగా ఉండి, చలికి కింది మంచు పట్టు వదిలి పంచదారలా పొడిపొడి అయింది. పెళ్లికి ముందు గాలితో కూడిన కొత్త మంచు దాని మీద బరువైన పలకలా పరుచుకుంది. పైకి చూస్తే మాత్రం పెళ్లికి సున్నం వేసిన గోడలా నున్నగా ఉంది.

పెళ్లినాటి తెల్లవారుజామున దేవి జోగదత్తు కలలో కనిపించింది. "నా ఒడి మీదికి గుంపుగా రావద్దు. ముడి విప్పి ఒక్కొక్కరే రండి" అని చెప్పింది. అతను ఉలిక్కిపడి లేచి, వాలు అంచుకు వెళ్లి కర్ర గుచ్చాడు. పైన గట్టిగా తగిలిన కర్ర ఆ తర్వాత ధాన్యపు గాదెలోకి దిగినట్టు జర్రున జారిపోయింది. ఆ మంచు గుంపు బరువు మోయలేదని అతనికి అర్థమైంది. ఇంటికి వచ్చి చెల్లెలితో మాత్రం చెప్పాడు.

"పెళ్లివారికి చెప్పు అన్నయ్యా" అంది పదమ.

"పెళ్లినాడు ముడి విప్పమని ఏ నోటితో చెప్పమంటావు? కూతురిని దీవించే రోజున అలాంటి మాటా?"

"అయితే నేను చెబుతాను."

"నువ్వు చెబితే శాపం పెట్టావంటారు. ఎదురు రాకు తల్లీ. అందరూ దాటాక వెనక రా."

హారతి సిద్ధం చేయడానికి జోగదత్తు ముందుగా ఒంటరిగా దాటాడు. మంచు కదలలేదు. దానితో అతనికి ధైర్యం వచ్చింది. కల కలే అనుకున్నాడు. పెళ్లిగుంపు డోలు వాయించుకుంటూ వాలు మధ్యకు చేరింది. అప్పుడు అడుగున ధుమ్మని శబ్దం వచ్చింది. పైన గీత గీసినట్టు మంచు చీలి, వాలు వాలంతా మనుషులతో సహా లోయలోకి జారింది. అవతల హారతిపళ్లెంతో అన్న, ఇవతల ఒంటరిగా చెల్లెలు మిగిలారు. అశుభమని వెనక్కి నెట్టిన మనిషే బతికింది.

మంచు కరిగాక సరూలీ, పెళ్లికొడుకూ దొరికారు. ముడి మాత్రం వీడలేదు. ఇద్దరినీ వేర్వేరు చితుల మీదికి చేర్చాలంటే దానిని విప్పాలి. తండ్రి విప్పలేకపోయాడు. ముత్తైదువలు ముట్టుకోబోమన్నారు. తడిసి బిగుసుకుపోయిన ఆ ముడిని పదమ కూర్చుని, పళ్లతో లాగి విప్పింది. "ఈ పని అప్పుడే చేయనిస్తే ఏం పోయేదన్నయ్యా?" అని అడిగింది. ఆ తర్వాత జోగదత్తు గుడి తలుపు తెరవలేదు. తాళంచెవి పదమ తీసుకుంది.

నేటికీ అక్కడ కర్ర గుచ్చి చూసేదీ, ముడి విప్పేదీ వితంతువే. కర్ర జారిన రోజున ఎంతటివారైనా ఇవతలి నుంచే దండం పెట్టి తిరిగిపోవాలి. అయినా ముహూర్తం మించిపోతోందని గొడవపడేవారు ఏటా వస్తారు. ఈమధ్య మన వైపు నుంచి వచ్చిన ఒక పెళ్లికొడుకు తల్లి, వితంతువు చెయ్యి తగలనివ్వనని కోడలి కొంగు లాక్కుంది. ఇప్పుడు ఆ సేవలో ఉన్న గోమతి గారు కోపగించుకోలేదు. "అటు వెళ్లాక మీ చేత్తోనే ముడి వేయండమ్మా. వేయడానికి ఇద్దరూ ఉండాలి కదా" అన్నారు.

ఈ తల్లి సంతానం ఇస్తుందనీ, సిరులు కురిపిస్తుందనీ మేము రాయడం లేదు. చెప్పినట్టు ముడి విప్పి దాటినవారు ఇంటికి తిరిగి వెళ్లారు. ఈ క్షేత్రానికి ఫలశ్రుతి ఇంతే. సరూలికి ఇది కూడా దక్కలేదు.