దాపటి కొన

పైడయ్య పశువుల పాకలో రెండు గుంజలున్నాయి. ఒకదానికి చుక్కడనే ఎద్దును కట్టేవాడు. రెండోదాని ఎద్దు తెల్లోడు మాఘమాసంలో చచ్చిపోయాడు. పదకొండేళ్లు ఒకే కాడి మోసిన జత. చుక్కడిది వలపటి పక్క, అంటే కుడివైపు. తెల్లోడిది దాపటి పక్క, ఎడమవైపు. తెల్లోడు పోయాక చుక్కడు ఎడమవైపు తల తిప్పడమే మానేశాడు. అటు చూస్తే గడ్డి గొంతు దిగేది కాదు.

ఇద్దరూ మోసిన కాడిని పైడయ్య ఎడమపక్కనున్న కుడితి తొట్టికి ఆనించి పెట్టాడు.

"తొలకరికి మా బావమరిది కోడెను పంపుతానన్నాడు రా. నీకూ దానికీ జత కుదిరితే ఇక్కడే ఉండిపోద్ది. లేదంటే మన పొలం ట్రాక్టరుకే," అన్నాడు చుక్కడి వీపు నిమురుతూ.

చుక్కడు ఆ మాట మీదే ప్రాణం పెట్టుకున్నాడు. కానీ తొలకరి ఇంకా ఎంత దూరం! పొద్దస్తమానం ఒక్కడే. ఈగలు వాలినా బాగుండుననిపించేది.

ఒక మధ్యాహ్నం తొట్టి పక్కన ఓ గండుచీమ ఆగింది.

"ఒక్కడివే ఉన్నావేం అన్నా?"

ఇన్నాళ్లకు ఒకరు అడిగారు. చుక్కడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"జతగాడు పోయాడు చెల్లీ."

"అయ్యో! మేమూ ఇల్లు లేక తిరుగుతున్నాం. ఈ కాడిలో కాస్త చోటిస్తే నీకూ తోడుంటాం."

"మీరు చెక్క తినేవాళ్లు కాదు గదా?"

చీమ లేని చెవులు మూసుకుంది. "శివశివ! చెక్క తినేవి చెదలు. మేం బెల్లం తింటాం, పురుగును తింటాం. చెక్క పలుకైనా మింగం. ఒట్టు!"

"నా కొన జోలికి రాకూడదు మరి."

"నీ కొన ముట్టనే ముట్టం. దాపటి కొన ఖాళీగానే ఉంది గదా, అక్కడ సర్దుకుంటాం."

చుక్కడు సరేనన్నాడు. పాపం, చీమ ఒక్క అబద్ధమూ ఆడలేదు. తొట్టికి బీట పడి కుడితి బొట్లు బొట్లుగా కారుతోందనీ, దాపటి కొన నాని మెత్తబడిందనీ, గండుచీమకు అలాంటి చెక్కే కావాలనీ మాత్రం చెప్పలేదు. చుక్కడు అడగలేదు.

నాలుగు రోజులకు ఎడమవైపు నుంచి సన్నగా కరకరమనే చప్పుడు మొదలైంది. చుక్కడు కళ్లు మూసుకుని వినేవాడు. తెల్లోడు పక్కన నిలబడి నెమరేస్తున్నట్టే ఉండేది. అప్పుడే కాస్త గడ్డి తినబుద్ధయ్యేది.

పెరట్లో తిరిగే బొల్లికోడి ఇది గమనించింది.

"మామా, కాడి కింద రంపప్పొట్టు కుప్ప పడింది. చూశావా?"

"చూడలేదు."

"అయితే ఇటు తిరిగి చూడు."

"చూడను. అయినా పొట్టు బయట పడిందంటే వాళ్లు తినలేదనేగా? మాట నిలబెట్టుకున్నారు."

కోడికి ఒళ్లు మండింది. "తినకపోతే ఏం మామా, తొలిచేస్తున్నారు! లోపల గదుల మీద గదులు కట్టేశారు. రోజూ బయటికొచ్చిన పాతికను పొడుస్తున్నా, మర్నాడు మళ్లీ పాతిక వస్తున్నాయి. గూడు లోపలుంటే పైన పొడిచి ఏం లాభం? కొమ్ముతో ఆ కాడిని ఎండలోకి నెట్టు. చెక్క ఆరితే వాటంతటవే మూటాముల్లె సర్దుకుంటాయి."

"వాళ్లు పోతే?"

"పీడా పోద్ది."

"ఈ చప్పుడూ పోద్ది," అన్నాడు చుక్కడు. కొమ్ము విసిరి కోడినే తరిమేశాడు. అది చాన్నాళ్లు పాక వైపు రాలేదు.

తొలకరి పడింది. ఎర్రకోడె వచ్చింది. మంచి పిల్ల, పెద్దాచిన్నా తెలిసినది.

"బాబాయ్, నేను ఏ పక్క నిలబడాలి?"

"ఎడమపక్క," అని చుక్కడు అన్నాళ్లకు మొదటిసారి అటు తల తిప్పాడు. ఎర్రటి మెడ కనిపించింది. కొత్త గడ్డి వాసన వేసింది. పర్వాలేదు, బతకొచ్చు అనుకున్నాడు.

పైడయ్య కాడి ఎత్తి ఇద్దరి మెడల మీద పెట్టాడు. పైకి అంతా నున్నగానే ఉంది. "హోయ్!" అన్నాడు. కోడె ఒక్క ఊపు ఊపింది. దాపటి కొన ఫెళ్లున విరిగిపడింది. లోపల చెక్కన్నదే లేదు, అన్నీ గదులు, తెల్లటి గుడ్లు, వేల చీమలు.

పైడయ్య నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "వడ్రంగి కొత్తది చేసేసరికి నేల పదును ఆరిపోద్ది. ఇక ట్రాక్టరుకే కబురు పెట్టాలి."

ఆ మధ్యాహ్నమే కోడెను వెనక్కి తోలుకుపోయారు. మలుపు దగ్గర అది ఒకసారి తిరిగి చూసి అంబా అంది. దాని గిట్టల చప్పుడు వినబడనంత దూరం పోయేదాకా చుక్కడు బదులు అరుస్తూనే ఉన్నాడు.

గండుచీమలు గుడ్లు నోట కరుచుకుని పైడయ్య ఇంటివైపు బారు తీరాయి. మొదట చోటడిగిన చీమ చుక్కడి దగ్గర ఆగింది.

"ఒక్క పలుకైనా తిన్నామా అన్నా? నీ కొన ముట్టామా?"

"లేదు చెల్లీ."

"మరి వస్తాం. స్నానాలగదిలో కుళాయి కారి గుమ్మం బాగా నానిందట."

చుక్కడు ఎడమవైపు చెవి పెట్టి విన్నాడు. ఏ చప్పుడూ లేదు. కాసేపటికి బొల్లికోడి మెల్లగా పాకలోకి వచ్చింది.

"పైడయ్య ఆ కారే కుళాయి బాగుచేయించుకుంటే బాగుణ్ణు. ఈలోగా ఈ చీమలను పొడవనా మామా?"

"పొడువు. పొడిచాక వెళ్లిపోకు," అన్నాడు చుక్కడు.

తోడు కోసం చోటిచ్చేవాడు, వచ్చినవాళ్లు ఏం తింటారని కాదు, ఉన్నచోట ఏం చేస్తారని అడగాలి.